ఊపిరికి చోటు

బస్సు ఇంకా కదల్లేదు, ఇంజను మాత్రం నడుస్తోంది, పక్కనున్న కిటికీ అద్దం చట్రంలో గడగడమని వణుకుతోంది, ఆ వణుకుని బట్టి కింద ఎడమ మూల స్క్రూ ఒకటి ఊడిందని చూడకుండానే చెప్పగలడు, చెప్పగలనని తెలిసినా వంగి చూశాడు, ఊడింది. ఆఫీసులో అతన్ని పాముచెవులంటారు. పాముకి చెవులే ఉండవని చిన్నప్పుడు పాఠంలో చదివాడు, కానీ లోకం పెట్టిన పేరుని పాఠం మార్చలేదు కదా. మూడున్నర. అక్క ఇంటికి గంట ప్రయాణం. ఆరింటికి ఆఫీసులో తయారవుతున్న ఆట మూసేస్తారు, మూసేశాక అందులో ఒక్క చప్పుడు పెట్టడానికీ లేదు, ఒక్క చప్పుడు తియ్యడానికీ లేదు. ఒళ్ళో సంచి ఉంది, సంచిలో రెండు అరచేతులంత ఆట మిషను ఉంది, మిషనులో ఒక యుద్ధం ఉంది, ఆ యుద్ధంలో దెబ్బతిన్న సైనికుడు గోడకి చేరగిలబడి తీసే ఊపిరి అక్కది. ఆ సంగతి అక్కకి తెలియదు. చెప్పి, ఉంచనా తీసెయ్యనా అని అడగడానికే వెళ్తున్నాడు. ఫోనులో అడగొచ్చు. ఫోనులో అయితే ఆమె ఒక్క క్షణం ఆగి, సరేలేరా, అనేస్తుంది, ఆ ఆగిన క్షణంలో ఆమె మొహం ఎలా ఉందో అతనికి కనబడదు, అందుకని బస్సెక్కాడు.

కదిలింది. కదిలాక అద్దం పాట మారింది, గడగడ పోయి సన్నగా జుయ్యిమంటోంది, పక్క సీట్లో ఆవిడ కూరల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని అప్పుడే కునుకు తీస్తోంది, ముక్కుతో పీల్చి నోటితో వదులుతోంది, వదిలినప్పుడు పెదవి దగ్గర చిన్న చప్పుడు, ఉడుకుతున్న గిన్నె మూత లేచి పడ్డట్టు. వద్దనుకున్నా వినబడుతుంది. ఊపిరి అనేది అందరికీ ఒక్కటే అనుకుంటారు గానీ కాదు, వేలిముద్రలెలాగో అదీ అలాగే, దేవుడు ఏ ఇద్దరికీ ఒక్క అచ్చు వాడలేదు. బయట రోడ్డు పక్కన చెట్లు, ఒక్కో ఆకు దానిదారిన అది ఊగుతోంది. చేసినవాడికి చోటు కరువు లేదు మరి. వాళ్ళ ఆటలో ఆకులన్నీ కలిపి ఒకటే పచ్చటి ముద్ద. పెద్ద మిషను కోసం, టీవీకి తగిలించి ఆడుకునే మిషను కోసం, వేరే ఊళ్ళో వేరే మనుషులెవరో మూడేళ్ళు కూర్చుని చేసిన సైనికుల ఆట అది, దాన్ని చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న మిషనులోకి దింపడం వీళ్ళ పని. ఏనుగుని అగ్గిపెట్టెలో పెట్టాలి, తొండం మాత్రం బయటికి కనబడుతూ ఉండాలి, అని మొదటి రోజే చెప్పింది కత్తెరమ్మ. ఆమె టీములో పెద్ద, ఏది ఉండాలో ఏది పోవాలో ఆమె చెప్పాలి, కత్తెరమ్మ అని మొహం మీదే పిలిచినా పలుకుతుంది, ఎవరో పుట్టినరోజుకి నిజంగా కత్తెరే ఇస్తే టేబుల్ మీద పెట్టుకుంది. ముందు మబ్బులు పోయాయి. తర్వాత ఆకులు. నలభైమంది సైనికులు పన్నెండుమందయ్యారు. గడ్డి మీద అడుగు, బురదలో అడుగు, రాతి మీద అడుగు, చెక్క మీద అడుగు, ఇన్ని రకాలు అతను ప్రాణం పెట్టి చేస్తే రెండు మిగిలాయి. పెద్ద ఆటలో పడిపోయినవాళ్ళు పడ్డచోటే ఉండేవారు, ఇక్కడ మూడు అంకెలు లెక్కపెట్టేలోపు మాయమైపోతారు, ఉంచడానికి చోటు లేదు. ఆ మాయం చేసే పని టీములో ఇద్దరు పిల్లల తండ్రి ఒకతనికి పడింది, అతను మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఏడవడానికి కూడా టైమివ్వట్లేదండీ మనం, అన్నాడు. అందరూ నవ్వారు. ఇతనూ నవ్వాడు. నవ్వి చెయ్యి కడుక్కుంటుంటే, ఇలాంటి పని చేసి పొద్దున్నే దేవుడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడుతున్నాను అనిపించింది, అనిపించిందే గానీ మర్నాడూ నిలబడ్డాడు, దేవుడు కూడా ఏమీ అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడం అవుతుందా? అవ్వదేమో. అక్క కూడా చాలాసార్లు ఏమీ అనదు.

మొదటి స్టేజీ. ఇద్దరెక్కారు, కండక్టరు విజిల్లో బఠాణీ గింజ ఇరుక్కుంది, కూత సగంలోనే చచ్చిపోతోంది. చప్పుళ్ళు ఎలా చచ్చిపోతాయో ఈ ఏడాదిలో చూసినంత ఎప్పుడూ చూడలేదు. ఆ మిషను స్పీకరు చొక్కా గుండీ అంత ఉంటుంది. పెద్ద మిషనులో వంతెన కూలినప్పుడు కుర్చీ కింద నేల అదిరేది, అదే పేలుడు చిన్న మిషనులో పెట్టి వింటే పక్కింట్లో ఎవరో బీరువా తలుపేసినట్టుంది. ఆటలో పేలుళ్ళు నాలుగు, ఒకటి బీరువా తలుపు, ఒకటి మూకుడు మూత, ఒకటి దులిపిన దుప్పటి, నాలుగోదానికి మర్యాదకి తగని పేరు పెట్టారు. గుండీ అంత స్పీకరుకి లావు చప్పుళ్ళు పట్టవు, సన్నవే పడతాయి. గుడ్డ రాపిడి, తాళంచెవులు, నాలుక తడి, ఊపిరి. యుద్ధంలో ఉన్న పెద్దవన్నీ చిన్నవైపోయి, చిన్నదొక్కటీ పెద్దదైపోయింది. దెబ్బ తగిలినవాడు గోడ వెనక కూర్చుని కట్టు కట్టుకునేదాకా ఊపిరి తీస్తూ ఉండాలి, ఆట ఆడేవాడికి అదే తన ఊపిరన్నట్టు వినబడాలి. పెద్ద ఆటలో ఆ ఊపిరి ఒక నటుడిది, పేలుళ్ళ హోరులో సరిపోయింది, ఇక్కడ ఒంటరిగా వింటే పరుపుల ప్రకటనలో మనిషి హాయిగా నిట్టూర్చినట్టుంది. అందుకని ఆఫీసులో అందర్నీ నాలుగంతస్తులు పరిగెత్తించాడు, ఒక్కొక్కళ్ళనీ పైమెట్టు మీద ఆపి మైకు పెట్టాడు, వాచ్‌మన్నీ వదల్లేదు. అందరూ ఆయాసపడ్డారు, ఎవరికీ ప్రాణం మీదికి వచ్చినట్టు లేదు. పైకి వచ్చాక మంచినీళ్ళు దొరుకుతాయని తెలిసినవాళ్ళ ఆయాసం అది.

ఇక్కడి దాకా ఆలోచన తనంతట తాను వస్తుంది, ఇక్కడికొచ్చాక ఆగుతుంది, రోజూ ఇక్కడే ఆగుతుంది. పక్కావిడ తల అతని భుజం మీదికి జారింది, జరపలేదు. ఐదువారాల కిందట, సాయంత్రం, బావ లేడు, పాత డ్రైవర్లంతా కలిసే చోటికి వెళ్ళాడు. బావ ఇనప్పెట్టె గొళ్ళెం తీస్తే వచ్చే చప్పుడు తుపాకీలో తూటా ఎక్కించినట్టే ఉంటుంది, దాన్ని పట్టుకుందామని అక్క ఇంటికి రికార్డరు తీసుకెళ్ళాడు. ఇరవైసార్లు గొళ్ళెం తీశాడు, ఇరవైసార్లు వేశాడు, అక్క నవ్వుతూ, మీ బావ చూస్తే దొంగలు పడ్డారనుకుంటాడు, అంది. పెట్టెలో పాత దుప్పట్లున్నాయి, దులిపితే దుమ్ము లేచింది, అతనే దులిపాడు, నాలుగో పేలుడికి పనికొస్తుందేమోనని. దుమ్ము లేచిన కాసేపటికి అక్క వంటింటి గుమ్మం దగ్గర గోడ పట్టుకుంది. గోడవైపు తిరిగింది, ఎప్పుడూ అలాగే తిరుగుతుంది, ఎవరికీ మొహం చూపించదు. చేత్తో సొరుగు చూపించింది. సొరుగులో ఇన్‌హేలర్ ఉంటుంది, ఆ ఇంట్లో కళ్ళు మూసుకుని తియ్యగలడు, మూడడుగులు. అతని చెయ్యి సొరుగు దగ్గరికి పోలేదు. ఎదురుగా బల్ల మీద రికార్డరు ఉంది, చెయ్యి దాని మీదికి పోయింది, మీట నొక్కింది, ఎర్ర దీపం వెలిగింది, మైకు అక్కవైపు తిరిగింది. ఆ తర్వాత సొరుగు. ఎంతసేపు? వేరే వాళ్ళెవరైనా అయితే ఎంతోసేపు కాదులే అనుకుని ఊరుకునేవారు, చప్పుళ్ళు కొలవడమే పనైనవాడికి ఆ దారి లేదు, మర్నాడు కంప్యూటరులో గీత గీసినట్టు కనబడింది, మీట చప్పుడు ఇక్కడ, సొరుగు చప్పుడు ఇక్కడ, మధ్య పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లే ఆటలో ఉన్నవి. సొరుగు చప్పుడు నుంచి కోసేశాడు, ఆపై అంతా అతని గొంతే, అక్కా పీల్చు, ఇంకొకటి పీల్చు, అని.

అడగాలి, ఎలా అడగాలి. అక్కా, నీకో సంగతి చెప్పాలి. అలా మొదలుపెడితే ఉద్యోగం పోయిందనుకుంటుంది. అక్కా, నువ్వు ఆటలో ఉన్నావు. అలా అంటే నవ్వుతుంది, నవ్వినాక చెప్పడం ఇంకా కష్టం. వేరే ఎవరి ఊపిరైనా అయితే ఇంత ఉండేది కాదు. అక్క ఇరవై ఆరేళ్ళు బస్టాండులో మైకు దగ్గర కూర్చుంది, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చెప్పే గొంతు ఆమెది, ఆ ఊళ్ళో సగంమంది ఆ గొంతు విని ఊరికెళ్ళి ఆ గొంతు విని తిరిగొచ్చారు. ఆ మైకుకి ఒక మీట. ఊరిపేర్లు మూడు చదివి మీట ఆపుతుంది, గోడవైపు తిరిగి ఊపిరి పీలుస్తుంది, మీట వేస్తుంది, మళ్ళీ మూడు. చిన్నప్పటి నుంచీ ఉన్న ఉబ్బసం అది, అమ్మకీ ఉండేది. బడి అయ్యాక అతను ఆ గదిలో మూల కూర్చుని లెక్కలు చేసుకునేవాడు, మీట ఆపిన తర్వాత గదిలో వినబడే అక్క వేరు, మీట వేశాక బయట వినబడే అక్క వేరు, ఆ ఇద్దరూ ఒక్కరేనని లోకంలో తనొక్కడికే తెలుసని గొప్పగా ఉండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మీట ఆపడం మర్చిపోయింది. బస్టాండంతా ఆ ఊపిరి వినబడింది, ఈలలాంటిది, లోపల ఏదో చిరుగుతున్నట్టు. ఎవరో నవ్వారు, ఎవరో వెక్కిరిస్తూ అలాగే పీల్చి చూపించారు. అక్క రెండు రోజులు పనిలోకి వెళ్ళలేదు. అయితే ఆ రోజే నాలుగో ప్లాట్‌ఫాం మీద బండి ఆపుకుని కూర్చున్న ఒక డ్రైవరు, బయల్దేరాల్సిన బస్సుని ప్రయాణికులతో సహా అక్కడే వదిలేసి, గ్లాసుతో వేణ్ణీళ్ళు పట్టుకుని మెట్లెక్కి పైకొచ్చాడు. అతనే బావ. ఆలస్యానికి బావ సంజాయిషీ రాసిచ్చాడు కూడా, ఇంజను వేడెక్కిందని రాశాడు, వేడెక్కింది ఇంజను కాదని డిపో మొత్తానికి తెలుసు. ఆ రెండో కథ బావ ఎన్నిసార్లయినా చెబుతాడు. మొదటి కథ అక్క ఎప్పుడూ చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ళు మీట ఆపి దాచుకున్నది. దాన్ని పట్టుకెళ్ళి లక్షలమంది చేతుల్లో పెడుతున్నాడు, ఒక్కో చేతిలో ఒక్కో గుండీ స్పీకరు. ఏమాటకామాట చెప్పుకోవాలి, అతను చేసిన పనిలో ఇంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. కత్తెరమ్మ ఇవాళ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది, తీసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ పెట్టుకుని విన్నది. పాముచెవులూ, ఎవరిదిది, అంది. మా అక్కది. నటించిందా? లేదు. అడిగే పట్టావా? తల అడ్డంగా ఊపాడు. ఆమె హెడ్‌ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ, ఆరింటిలోగా అడిగి చెప్పు, వద్దంటే పరుపుల ఆయన్నే పెట్టేస్తాను, అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టు తిని ఊరుకునేవాడు, బస్సెక్కే పని ఉండేది కాదు. వద్దంటుందని భయమా, సరేనంటుందని భయమా? రెండూ. వద్దంటే తను చేసిన మంచి చప్పుడు పోతుంది, సరేనంటే ఎందుకన్నదో తెలియదు, తమ్ముడి ఉద్యోగం కోసమే అనే మనిషి. చిన్నప్పుడు సెలవుల్లో మధ్యాహ్నం పూట వానపడుతుంటే ఇద్దరూ ఒకే చాప మీద పడుకునేవారు, వానంటే అక్కకి పడదు, అతను కళ్ళు మూసుకుని ఆమె ఊపిర్లు లెక్కపెట్టేవాడు, లెక్క ఎక్కడైనా తడబడితే, దేవుడా, నా వాటిలోంచి ఓ వంద తీసి అక్కకెయ్యి, అని బేరం పెట్టేవాడు. ఒకసారి జోరువానలో వంద చాలదేమోనని వెయ్యన్నాడు, తర్వాత భయపడి ఐదువందలకి తగ్గించాడు. అలా ఊపిర్లు ఇచ్చిన చెయ్యే పదకొండు సెకన్లు తీసుకుంది. ఆ పిల్లాడు మంచివాడా, ఈ మనిషి చెడ్డవాడా, ఇద్దరిలోనూ ఉన్నది ఆ చెవులే కదా, విన్నాడు కాబట్టే ప్రార్థించాడు, విన్నాడు కాబట్టే మీట నొక్కాడు. దీనికి జవాబు దేవుడి దగ్గరుండాలి. పక్కావిడ ఉలిక్కిపడి లేచి, అయ్యో బాబూ, లేపొద్దూ, అని సంచి వెతుక్కుంది. అక్క వాళ్ళ స్టేజీ కూడా అదే.

రెండో అంతస్తు. తలుపు బావే తీశాడు, తీస్తూనే, ఏం బావమరదీ, ఇవాళ మా ఇంట్లో ఏ సామాను చప్పుడు దొంగిలించడానికొచ్చావు, అన్నాడు. ఊరికే అన్నాడు, వచ్చినప్పుడల్లా అనే మాటే, కానీ అతనికి చెమట పట్టింది. అక్క వంటింట్లోంచే, కూర్చోరా, వస్తున్నా, అని కేకేసింది. సంచిలోంచి మిషను తీశాడో లేదో బావ లాక్కున్నాడు. జీపుందా ఇందులో, అన్నాడు. ఉంది. ఇంక అతని మాట వినేవాళ్ళు లేరు, ముప్పై ఒక్కేళ్ళు బస్సు తోలిన మనిషి బొటనవేళ్ళతో జీపు తోలుతూ, స్టీరింగు లేని బండేంటయ్యా, బ్రేకెక్కడ, హారనేది, అని వీధి మొత్తం తిరిగాడు, ఎదురొచ్చిన సైనికులకి పక్కకి తొలగమని నోటితో చెప్పాడు. వాళ్ళు తొలగలేదు, కాల్చారు. జీపు గోడకి గుద్దుకుంది, సైనికుడు కింద పడ్డాడు, గోడకి చేరగిలబడ్డాడు. బావా, ఇలా ఇవ్వండి, అని చెయ్యి చాపాడు అతను, అప్పటికే ఆలస్యమైంది, గుండీ అంత స్పీకరులోంచి ఊపిరి మొదలైంది.

బావ ఒక్కటే ఊపిరి విన్నాడు. రెండోది వినడానికి కూర్చోలేదు. మిషను సోఫాలో పడింది, బావ లేచాడు, సొరుగు తెరుచుకుంది, ఇన్‌హేలర్ మూత ఊడి నేలమీద దొర్లింది, మనిషి వంటింట్లో ఉన్నాడు, ఇదంతా అయ్యేసరికి సోఫాలో సైనికుడు మూడో ఊపిరి తీస్తున్నాడు. గుమ్మంలోంచి చూస్తే బావ ఒక చేత్తో అక్క వీపు పట్టుకుని ఇంకో చేత్తో మందు నోటి దగ్గర పెట్టాడు, అక్క చేతిలో పాలగిన్నె, కులాసాగా ఉంది, మొగుడి మొహం వింతగా చూస్తోంది. "ఏమైంది మీకు?" అంది. బావ ఆమెనీ, హాల్లోకీ, మళ్ళీ ఆమెనీ చూశాడు. హాల్లో ఊపిరి ఆగలేదు. ఈసారి అక్క కూడా విన్నది. గిన్నె దింపింది.

ఏదో ఒకటి చెప్పాలని వెయ్యి రకాలుగా అనుకున్నవేవీ రాలేదు. ఇనప్పెట్టె రోజు, అన్నాడు. మందుకంటే ముందు మీట నొక్కాను, అన్నాడు. పదకొండు సెకన్లు, అన్నాడు. బావ నేలమీద మూత వెతికి తీసి ఇన్‌హేలర్‌కి పెట్టబోయాడు, పట్టలేదు, మళ్ళీ పెట్టాడు.

"బ్రేకు పడని బస్సు పదకొండు సెకన్లలో ఎంత దూరం పోతుందో తెలుసా నీకు?" అన్నాడు, గొంతు పెంచకుండా.

అక్క సోఫాలో కూర్చుని మిషను ఒళ్ళోకి తీసుకుంది. తెర మీద గోడ, గోడ మీద ఎండ, తుపాకీ పక్కన పడి ఉంది. చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు విన్నట్టే అనిపించింది గానీ నాలుగైదు ఊపిర్లే. ఇంత గట్టిగా ఉంటుందా నాది, అని అడిగింది, అతన్ని కాదు, బావని. బావ, వంటింట్లోంచి ఇంత వినబడుతుంది, అని చేతులతో కొలత చూపించబోయి మానుకున్నాడు. ఇది ఎవరెవరికి వినబడుతుందని అక్క అడిగితే, దెబ్బ తగిలినవాళ్ళకి, అని చెప్పాడు అతను.

"కొట్టినవాడికి?"

"వినబడదక్కా."

"వాడికి వినబడేలా పెట్టకూడదట్రా?"

చోటు లేదన్నాడు. నిజంగానే చోటు లేదు, పన్నెండుమందికి పన్నెండు ఊపిర్లు పెట్టడానికి ఆ మిషను చాలదు, అయినా ఆ మాట అంటుంటే అది కత్తెరమ్మకి చెప్పే జవాబులా ఉంది గానీ అక్కకి చెప్పేదిలా లేదు. అక్క ఒప్పుకున్నట్టూ లేదు, ఒప్పుకోనట్టూ లేదు. మరి వీడికి మందెలా ఇవ్వాలి, అంది. ఆకుపచ్చ మీట నొక్కితే కట్టు కట్టుకుంటాడని చూపించాడు. నొక్కింది. కట్టు పడింది, ఊపిరి ఠక్కున ఆగింది.

అక్క మిషను చెవి నుంచి తీసేసింది. "అయ్యో. పోయాడా?"

"లేదక్కా, నయమైంది. లేస్తాడు చూడు."

"నయమైతే ఇలా ఆగదురా," అంది. "పోతే ఇలా ఆగుతుంది. అమ్మది ఇలాగే ఆగింది."

అమ్మ పోయిననాడు అతను ఊళ్ళో లేడు, అక్క ఒక్కతే పక్కనుంది, ఇన్నేళ్ళలో ఆ మాట ఇదే మొదటిసారి చెప్పడం. అక్క నెమ్మదిగా, లెక్కలు చెప్పినట్టు చెప్పింది, మందు పడ్డాక మొదటి ఊపిరి ఇంకా కష్టంగానే ఉంటుంది, రెండోది లోపలికి కాస్త ఎక్కువ దూరం పోతుంది, ఈల సన్నబడుతుంది, మూడో నాలుగో దగ్గర భుజాలు దిగుతాయి, అప్పుడు మనిషికి బతికానని తెలుస్తుంది, కష్టపడిందంతా పెట్టి ఆ సుఖం కోసేశావేంటి, అంది. కోసినదాంట్లో తన గొంతు ఉంది, అందుకు కోశానన్నాడు. అయితే ఇప్పుడు పట్టు, అంది. పాలకి రోజూ కిందికి దిగి ఎక్కుతున్నాను, ఆ మాత్రం ఆయాసం చాలు, ఓసారి దిగి ఎక్కనీ. బావ, నీకేమైనా మతి పోయిందా, అన్నాడు. మందు జేబులో పెట్టుకుని మీరూ వెనకాలే రండి, అంది అక్క. మీట ఆపక్కర్లేదని చెప్పే మైకు ఒక్కటి దొరికింది నాకు, ఇరవై ఆరేళ్ళకి. తర్వాత తమ్ముడివైపు తిరిగింది.

"ఉంచు. కానీ ఆ పదకొండు సెకన్ల సంగతి నేను మర్చిపోయాననుకోకు. అది మనిద్దరం వేరే రోజు మాట్లాడుకుందాం. కూర్చోబెట్టి మరీ మాట్లాడతాను."

తలూపాడు. ఫోను తీశాడు, ఐదు కావడానికి పది నిమిషాలుంది. కత్తెరమ్మకి ఆరు సెకన్ల చోటు కావాలన్నాడు. ఆమె ఏమీ అడక్కుండా, బదులేం ఇస్తావు, అంది. వంతెన పేలుడు తీసెయ్యండి. వంతెన చప్పుడు చెయ్యకుండా కూలుతుందా? రెండో పేలుడే అక్కడా పెడదాం మేడమ్, ఈ స్పీకర్లో బీరువా తలుపైనా ఒకటే, మూకుడు మూతైనా ఒకటే. అవతల చిన్న నవ్వు, తర్వాత, మీ అక్కగారు ఒప్పుకున్నారా, అని. అప్పటికే అక్క చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది. ఒప్పుకుని మెట్లు దిగుతోందన్నాడు. ఐదున్నరకల్లా పంపు, అంది కత్తెరమ్మ, ఫోను పెట్టేసే ముందు, నెమ్మదిగా ఎక్కమను, అంది.

అతను సంచిలో ఎప్పుడూ ఉండే రికార్డరు తీసి బల్ల మీద పెట్టాడు, కిటికీలు మూశాడు, ఫ్యాను ఆపాడు, ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు, గోడ గడియారం తీసి పరుపు కింద పెట్టాడు. కుర్చీ మైకు ముందు పెట్టి, అది కిర్రుమంటోందని మార్చి ముక్కాలిపీట వేశాడు. కింది నుంచి అడుగులు పైకి వస్తున్నాయి, ముందు తేలికవి, వెనక బరువైనవి, మధ్యలో ఒకచోట రెండూ ఆగి మళ్ళీ కదిలాయి. మీట ముందే నొక్కి ఉంచాడు, ఎర్ర దీపం గుమ్మంలోంచే కనబడుతుంది. అక్క లోపలికొచ్చింది, దీపం చూసింది, వచ్చి పీట మీద కూర్చుంది, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని మైకుకేసి ఊపిరి వదిలింది. మొదటిది గరుకుగా ఉంది, చివర ఈల. రెండోది కూడా. వెనకాలే మెట్లెక్కి వచ్చిన బావకి డెబ్భై దగ్గరపడుతోంది, అతనికీ ఆయాసం వస్తోంది, ఆ చప్పుడు మైకులో పడుతుందని అతనికే తెలిసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, ఇన్‌హేలర్ పిడికిట్లో పట్టుకుని, నోరు మూసుకుని, బుగ్గలు పూరించుకుని, మొహం ఎర్రబడుతున్నా కళ్ళు ఆమె భుజాల మీదనుంచి తియ్యకుండా, మూడోదీ నాలుగోదీ అయి ఆ భుజాలు కిందికి దిగేదాకా, ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.